ఊరి మహిళ చేతికి థర్మామీటరు: ఆశా శిక్షణపై ఒక సమీక్ష

ప్రభుత్వ ఆరోగ్య సేవల మీద సమీక్షలు రాసేవారు ఆసుపత్రి గురించి, 108 వాహనం గురించి, మందుల సరఫరా గురించి రాస్తుంటారు. ఆ సేవలన్నింటికీ మారుమూల ఊరికీ మధ్య నిలబడే మనిషిని ఎలా తయారుచేస్తున్నారో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డాక్టరు ఎప్పుడో గాని రాని గ్రామంలో, వాగు దాటితే తప్ప ఉపకేంద్రం చేరలేని గూడెంలో, అక్కడే కాపురముంటున్న మహిళను ఎంచుకుని, ఆమెకు ఆరోగ్య విద్యలో కొంత నేర్పి, ఇరుగుపొరుగు ఇళ్ల బాధ్యత అప్పగించే ఆశా శిక్షణే ఈ సమీక్షకు విషయం. తరగతుల్లో కూర్చుని విని, ఆ తర్వాత ఆశా కార్యకర్తల వెంట ఇళ్లకు వెళ్లి చూసి దీన్ని రాస్తున్నాను. నా అంచనా ముందే చెబుతాను. చేతికి పని నేర్పడంలో ఈ శిక్షణ చాలా గట్టిది. నేర్పిన పని ఏళ్ల తరబడి చేతిలో నిలిచేలా చూసుకోవడంలో మాత్రం ఇది ఎంతో మెరుగుపడాలి.

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలైనప్పుడు, వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున, గిరిజన, కొండ ప్రాంతాల్లో అవసరమైతే ప్రతి ఆవాసానికి ఒకరు చొప్పున ఆశాలను నియమించాలని నిర్ణయించారు. ఆమె ఆ ఊరి నివాసి అయి ఉండాలి; వివాహిత గాని, వితంతువు గాని, భర్తతో విడిపోయిన మహిళ గాని అయి, 25 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో, ఎనిమిదో తరగతి వరకు చదివి ఉంటే మంచిదని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి. పెళ్లి కాని యువతి అత్తవారింటికి వెళ్లిపోతే నేర్పిన విద్య ఊరికి దక్కదన్నది అందులోని ఆలోచన. మొదట్లో శిక్షణ 23 రోజులు. దాన్ని ఏడాది వ్యవధిలో ఐదు విడతలుగా విభజించారు. ఆ తరువాత ఆరో, ఏడో మాడ్యూళ్లు, అంటే పాఠ్య భాగాలు, వచ్చాయి. ఐదేసి రోజుల చొప్పున నాలుగు విడతల్లో, మొత్తం 20 రోజులపాటు నేర్పే ఈ భాగమే నా దృష్టిలో మొత్తం శిక్షణకు ప్రాణం. ఇప్పుడు దేశంలో సుమారు 10 లక్షల మంది ఆశాలు పనిచేస్తున్నారు.

ఈ 20 రోజుల్లో నేర్పే పనుల్లో ముఖ్యమైనది అప్పుడే పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే చూసుకోవడం. ఆసుపత్రిలో కాన్పు జరిగితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఆ ఇంటికి వెళ్లాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. వెళ్లి ఏం చేయాలో నేర్పే తీరు నన్ను నిజంగా ఆకట్టుకుంది. బిడ్డను తూచే పాఠాన్నే తీసుకుందాం. వేలాడదీసే తక్కెడకు ముందు ఖాళీ ఉయ్యాల గుడ్డను తగిలించి, పైనున్న మరను తిప్పి ముల్లును సున్నా దగ్గరకు తేవాలి. ఆ తర్వాతే బిడ్డను గుడ్డలో పడుకోబెట్టి నెమ్మదిగా పైకి ఎత్తాలి. అంకె కంటికి సమానమైన ఎత్తులో ఉండాలి. పైనుంచి చూసినా, కింది నుంచి చూసినా బరువు తప్పుగా కనిపిస్తుంది. ఇంతా చేసి, తక్కెడ ఎత్తిన చేయి వణికితే ముల్లు నిలవదు. శిక్షకురాలు ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, బొమ్మతో అదే పని మళ్లీ మళ్లీ చేయించింది. సున్నా సరిచేయడం మరిచిపోయిన ప్రతివారినీ మొదటికి పంపించింది. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డకు వెచ్చదనం, తల్లిపాలు, అదనపు రాకపోకలు అవసరమవుతాయి కాబట్టి ఈ అంకె విషయంలో పట్టుదల సమంజసమే.

శ్వాస లెక్కించడం ఇంతకన్నా కష్టం. పసిబిడ్డ ఊపిరి ఒక తీరున ఉండదు. కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా సాగుతుంది. అందుకే పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం కుదరదు, పూర్తిగా ఒక నిమిషం పొట్టను చూస్తూ లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి లెక్కించి, అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి పంపాలి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయా, పాలు తాగడం తగ్గించిందా, ఒళ్లు చల్లబడిందా, కాలిపోతోందా, బొడ్డు చుట్టూ ఎర్రబడిందా అన్నవి కూడా ఇదే వరుసలో చూడాలి. పల్లెల్లో డొక్కలు ఎగరేయడం అనే మాటను తల్లులే వాడతారు. ఆ మాటను పాఠంలోకి తెచ్చి, దాని పక్కన నిమిషపు లెక్కను చేర్చి నేర్పే శిక్షకురాలు దొరికిన బ్యాచ్ అదృష్టం చేసుకున్నట్టే.

ఈ పద్ధతి ఏ కార్యాలయంలోనో కూర్చుని ఊహించింది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు నవజాత శిశు సంరక్షణ నేర్పి, ఫలితాలను 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. పోల్చి చూసిన ఇతర గ్రామాలతో బేరీజు వేస్తే, మూడో ఏటికి అక్కడ నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గింది. అంతకు ముందే, ఎక్కువ లెక్కలు రాని మంత్రసానుల కోసం వారు ఒక చిన్న పరికరం రూపొందించారు. అందులో ఒక నిమిషపు ఇసుక గడియారం, వరుసగా గుచ్చిన పూసలు ఉంటాయి. పది శ్వాసలకు ఒక పూస జరిపితే చాలు. చదువు తక్కువైన మనిషికి విద్య రాదని తేల్చేసే బదులు, ఆ మనిషికి అందేలా విద్యను మలచడం అంటే ఇదే. ఆశా శిక్షణలో ఇంటి సందర్శనల భాగానికి గడ్చిరోలి అనుభవమే ఆధారం. ఒక తేడా మాత్రం ఉంది: గడ్చిరోలి కార్యకర్తలు ఇన్ఫెక్షన్ సోకిన శిశువులకు ఇంటి వద్దనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చేవారు, ఆశాకు అప్పగించిన పని ముఖ్యంగా ప్రమాదాన్ని గుర్తించి పంపించడం. పంపించిన చోట బిడ్డను చేర్చుకునే వైద్యుడు లేకపోతే ఆ గుర్తింపు వృథా అవుతుంది కాబట్టి, శిక్షణ ఎంత బాగున్నా దాని ఫలితం పైనున్న ఆసుపత్రి మీద ఆధారపడి ఉంటుంది.

మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల ఆశాలకు ర్యాపిడ్ పరీక్ష కూడా నేర్పుతారు. వేలి చివర సూదితో గుచ్చి, రక్తపు చుక్కను కిట్ మీది చిన్న గుంటలో వేసి, ద్రావణం కలిపి, చెప్పిన నిమిషాలు ఆగి గీతలు చూడటం పెద్ద కష్టమేమీ కాదు. అయినా నేను చూసిన తరగతిలో ఎక్కువమంది తడబడింది ఒకే చోట: కంట్రోల్ గీత రాకపోతే రోగికి జబ్బు లేదని కాదు, ఆ కిట్ పనిచేయలేదని అర్థం, మరో కిట్‌తో మళ్లీ చేయాలి. ఈ ఒక్క విషయాన్ని చివరి రోజు పరీక్షలో తప్పనిసరిగా అడగాలని నా సూచన.

స్థానికురాలినే ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్నకు జామ్‌ఖేడ్ మంచి సమాధానం. డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో, బడి ముఖం చూడని మహిళలు, దళిత మహిళలు గ్రామ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. ప్రతి వారం కేంద్రానికి వచ్చి, గత వారం ఊళ్లో ఎదురైన జబ్బుల గురించి ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకునేవారు. అంటే వారికి శిక్షణ ఒక రోజున మొదలై ఒక రోజున ముగిసే తంతు కాదు. ఏ ఇంట్లో కోడలు నెల తప్పిందో, ఏ ఇంట్లో మగవాడు తాగుడుకు బానిసై ఆసుపత్రి ఖర్చు ఎగ్గొడుతున్నాడో, ఏ అత్తగారిని ఒప్పిస్తే మిగతా ఇల్లంతా ఒప్పుకుంటుందో బయటి నర్సుకు తెలియదు. వదినా, పిన్నీ అని పిలుస్తూ లోపలికి వెళ్లగల మనిషికి ఆ తలుపు తట్టాల్సిన అవసరమే ఉండదు.

ఈ బలాన్ని శిక్షణ ఎంతవరకు వాడుకుంటోంది అంటే, పాక్షికంగా మాత్రమే అని చెప్పాలి. కౌన్సెలింగ్ పాఠంలో ఇద్దరిని నిలబెట్టి ఒకరు ఆశాగా, మరొకరు అత్తగా నటింపజేస్తారు. పుట్టిన వెంటనే ముర్రుపాలు పట్టకూడదని పట్టుబట్టే అత్తను ఒప్పించే ఆ సన్నివేశం తరగతిలో అందరినీ కదిలించింది. ఎవరికి వారు తమ ఇంట్లో విన్న మాటలనే చెప్పారు. కానీ కోయ, సవర, గోండి మాట్లాడే ఊళ్ల నుంచి వచ్చిన మహిళలకు కూడా పాఠం అంతా పుస్తకపు తెలుగులోనే సాగింది. వారు తలలూపారు గాని, మధ్యాహ్నం విరామంలో తమలో తాము మాట్లాడుకుని అర్థం చేసుకోవాల్సి వచ్చింది. ఆ భాష తెలిసిన పాత ఆశాను సహ శిక్షకురాలిగా పక్కన కూర్చోబెడితే ఈ లోపం ఆ పూటే తీరుతుంది.

ఇక లోపాల్లో పెద్దది. రాష్ట్ర స్థాయిలో నేర్చుకున్నవారు జిల్లావారికి, జిల్లావారు ఆశాలకు నేర్పే అంచెల పద్ధతిలో, ప్రతి అంచె దగ్గరా కొంత సారం జారిపోతుంది. నేను వెళ్లిన ఒక కేంద్రంలో శిక్షకుడు రోజంతా తెర మీది అక్షరాలను చదివి వినిపించాడు. బొమ్మ బిడ్డ అట్టపెట్టెలోనే ఉండిపోయింది. ఉన్న ఒక్క తక్కెడను గదిలో ఇటు నుంచి అటు అందించి చూపించారే తప్ప ఎవరి చేతా తూయించలేదు. చివర్లో హాజరు పట్టీ మీద సంతకాలు, ఒక ఫోటో. ఆ ఐదు రోజులూ కాగితం మీద శిక్షణగానే లెక్కకు వస్తాయి. ఇంకో కేంద్రంలో పాఠం బాగున్నా బస బాగాలేదు. చంటిబిడ్డలతో వచ్చిన తల్లులకు విడిగా గది లేదు, రాత్రి నీళ్లు లేవు. బాలింతల సంరక్షణ నేర్పే చోట బాలింతకే వసతి లేకపోవడం క్షమించదగిన విషయం కాదు. ఇటువంటి కేంద్రాలను చూసి మొత్తం కార్యక్రమాన్ని తక్కువ చేయకూడదు, అలాగని వీటిని చిన్న విషయాలుగా వదిలేయనూ కూడదు.

శిక్షణ ముగిశాక ఏం జరుగుతుందన్నది మరింత ముఖ్యం. ఒక ఆశా పరిధిలో ఏడాదికి పుట్టే బిడ్డలు సుమారు ఇరవై మందే ఉంటారు. వారిలో తీవ్రమైన జబ్బు చేసేవారు కొద్దిమందే. అరుదుగా వచ్చే ప్రమాదాన్ని గుర్తించే నేర్పు, వాడకం లేకపోతే మసకబారుతుంది. అందుకే మార్గదర్శకాల్లో సుమారు 20 మంది ఆశాలకు ఒక ఫెసిలిటేటర్ ఉండి, వారి వెంట ఇళ్లకు వెళ్లి, చేసే పనిని చూసి సరిదిద్దాలన్న ఏర్పాటు పెట్టారు. చాలాచోట్ల ఈ తోడు రిజిస్టర్లు తనిఖీ చేయడానికే పరిమితమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకోసారి జరిగే సమావేశం కూడా అంతే: ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు, ఎన్ని కళ్లె నమూనాలు అన్న అంకెలు పైకి పంపడంతోనే సమయం అయిపోతుంది. ఆ సమావేశంలో మొదటి గంటను జామ్‌ఖేడ్ తరహాలో జబ్బుల చర్చకు కేటాయిస్తే అదనపు ఖర్చు ఏమీ ఉండదు. గత నెలలో ఎవరు ఏ బిడ్డను పంపారు, సమయానికి పంపారా, ఏ లక్షణం చూసి పంపారు అని మెడికల్ ఆఫీసరు అడిగితే, అది పుస్తకం కన్నా బాగా గుర్తుంటుంది.

కిట్ సంగతి కూడా చెప్పాలి. శిక్షణతో పాటు తక్కెడ, డిజిటల్ థర్మామీటరు, గడియారం, దుప్పటి వంటివి, పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, ఐరన్ మాత్రల వంటి మందులు ఇవ్వాలి. నేను ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక ఆశా సంచిలోని థర్మామీటరు బ్యాటరీ అయిపోయి ఉంది. అది మార్పించుకోవడానికి ఎవరిని అడగాలో ఆమెకు తెలియదు. శిక్షణలో ఆ విషయం ఎవరూ చెప్పలేదు. ఆమె బిడ్డ పొట్ట మీద, పాదాల మీద చేయి వేసి చూసి, పాదాలు చల్లగా ఉన్నాయని తల్లికి చెప్పి, బిడ్డను ఒంటికి హత్తుకుని పడుకోమంది. అది కూడా శిక్షణలో నేర్పిన పద్ధతే, ఆమె దాన్ని తడబడకుండా చేసింది. నేర్చుకున్నది మనసులో అంత గట్టిగా ఉన్న మనిషి సంచిలో పనిచేసే పరికరం లేకపోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

ఇతర దేశాల ఇటువంటి కార్యక్రమాలతో పోల్చి చూస్తే మన శిక్షణ నిడివి చిన్నది. ఇథియోపియా 2003లో మొదలుపెట్టిన ఆరోగ్య విస్తరణ కార్యక్రమంలో పదో తరగతి చదివిన స్థానిక యువతులకు ఏడాది పాటు శిక్షణ ఇచ్చి, గ్రామ ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు చొప్పున జీతం మీద నియమించారు. పాకిస్తాన్‌లో 1994లో మొదలైన లేడీ హెల్త్ వర్కర్ల కార్యక్రమంలో మూడు నెలలు తరగతిలో, ఆ తరువాత ఏడాది పాటు పనిచేస్తూ నేర్చుకోవాలి. బ్రెజిల్‌లో సామాజిక ఆరోగ్య కార్యకర్త తాను పనిచేసే ప్రాంతంలోనే నివసించాలని చట్టమే చెబుతుంది. ఆమె డాక్టరు, నర్సుతో కూడిన కుటుంబ ఆరోగ్య బృందంలో సభ్యురాలు. రోజుల లెక్కకన్నా ఈ చివరి విషయమే మనం గమనించాల్సింది. బృందంలో ఒకరిగా పనిచేసేవారికి ప్రతి రోజూ కొంత శిక్షణ దొరుకుతూనే ఉంటుంది. మన ఆశా చాలావరకు ఒంటరి. ఉపకేంద్రం నర్సు అయిన ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ కార్యకర్త ఆమెకు తోడుగా ఉండాలన్నది వ్యవస్థ ఉద్దేశమే అయినా, ఆ ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కలిపి నేర్పడం నాకు ఎక్కడా కనిపించలేదు.

పారితోషికాన్ని ఈ సమీక్ష నుంచి విడదీయలేం. నేర్పే పనుల జాబితాకు, డబ్బు చెల్లించే పనుల జాబితాకు పొత్తు కుదరకపోతే నెమ్మదిగా రెండోదే గెలుస్తుంది. నవజాత శిశువు ఇంటికి చేసే సందర్శనలన్నీ పూర్తిచేస్తే 250 రూపాయలు ఇవ్వాలని 2011లో నిర్ణయించారు. అన్నేళ్ల కింద నిర్ణయించిన ఆ మొత్తాన్ని ఆరుసార్లు వెళ్లడానికి పట్టే సమయంతో పోల్చి చూడండి. పనికి తగ్గట్టు ప్రోత్సాహకాలే ప్రధాన ఆదాయంగా ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన మార్గదర్శకాలు సూచించాయి. కార్యకర్తల ఎంపికలో వివాహ స్థితిని ప్రమాణంగా పెట్టుకోవద్దన్న సూచన కూడా వాటిలోనే ఉంది. మన నిబంధన దీనికి భిన్నంగా ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆశాల గౌరవ వేతనాన్ని నెలకు 10,000 రూపాయలకు పెంచింది. నెల నెలా ఒక మొత్తం వస్తుందన్న భరోసా ఉన్నప్పుడు, డబ్బు రాని పనికి కూడా, ఉదాహరణకు గృహహింసను గుర్తించి సాయం అందించడానికి, ఆమె సమయం ఇవ్వగలుగుతుంది. అదీ శిక్షణలో ఉన్న పాఠమే.

కరోనా కాలంలో ఆశాలు ఇంటింటి సర్వే నుంచి రోగుల పర్యవేక్షణ దాకా ఎన్నో పనులు మోశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వారికి గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించింది. ఆ గౌరవం పూర్తిగా న్యాయమైనదే. అయితే అప్పటి నుంచి సర్వేలు, యాప్‌లలో నమోదులు తగ్గలేదు. వీటికి విడిగా శిక్షణ ఇవ్వకపోవడం ఒక సమస్య, ఇచ్చినప్పుడల్లా పునశ్చరణ తరగతి రోజులను వీటికే మళ్లించడం మరో సమస్య.

ఫలితాల గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో ఆసుపత్రి కాన్పులు 2005-06లో సుమారు 39 శాతం ఉండగా 2019-21 నాటికి సుమారు 89 శాతానికి చేరాయి. వెయ్యి జననాలకు నవజాత శిశు మరణాలు ఇదే కాలంలో 39 నుంచి దాదాపు 25కు తగ్గాయి. రోడ్లు, 108 వాహనాలు, ఆసుపత్రి కాన్పుకు ఇచ్చే జననీ సురక్షా యోజన డబ్బు, ఆడపిల్లల చదువు అన్నీ ఇందులో ఉన్నాయి. ఈ ఘనత అంతా ఒక శిక్షణకే కట్టబెట్టడం సరికాదు. కానీ ఏజెన్సీలో నొప్పులు మొదలైన గర్భిణిని డోలీలో మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చేవారిలో, ముందే తేదీ గుర్తుపెట్టుకుని వాహనానికి ఫోన్ చేసేవారిలో ఆశా ఉంటుందని ఆ దారి నడిచినవారెవరినడిగినా చెబుతారు.

ఆశాగా ఎంపికై శిక్షణకు వెళ్లబోతున్న మహిళలకు నేను ఈ శిక్షణను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వెళ్లే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, ఆసుపత్రిలోని నవజాత శిశు విభాగంలో నిజమైన బిడ్డలను చూసే అవకాశం కల్పిస్తారా, కిట్ చివరి రోజునే చేతికిస్తారా. బ్యాచ్ ముప్పై దాటితే చేతితో పని చేసే వంతు మీకు సరిగా రాదు. చంటిబిడ్డ ఉంటే బస గురించి ముందే మాట్లాడండి. తరగతిలో తక్కెడ మీ చేతికి రాకపోతే లేచి అడగండి. అది మీ హక్కు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీలో సభ్యులుగా ఉన్నవారు వచ్చే సమావేశంలో మీ ఊరి ఆశా సంచి తెరిపించి, థర్మామీటరు వెలుగుతోందో లేదో, ఓఆర్‌ఎస్ పొట్లాల గడువు తేదీ దాటిందో లేదో చూసి, కొరతను తీర్మానంలో రాయించి, దాని ప్రతిని మెడికల్ ఆఫీసరుకు అందజేయండి.